షెర్లాకు రూపకమున సహాయపాత్రము

అపరాధపరిశోధనకథలయందు నాయకుఁ డొంటరిగా నుండుట యరుదు. వానికి సహాయుఁ డొకఁడు తప్పక యుండును. నాయకుఁడు చూచిన మాత్రమునఁ దెలిసికొనును. సహాయుఁడు చూచియుఁ దెలిసికొనలేక యడుగును. ఈ మైత్రి సమానుల మైత్రి కాదని కథారంభముననే చదువరులకుఁ దెలియును. తెలిసియు వారు దాని నొల్లకపోరు. ఏలయన వైషమ్యము వేఱు, అవిశ్వాసము వేఱు. వైషమ్యము బుద్ధిబలమునందలి తారతమ్యమువలన సహజముగఁ గలుగునది. అవిశ్వాసము ఒకఁడు మఱియొకనిపట్లఁ దెలిసి చేయునది. మొదటిదానిని సహాయుఁడు భరించును, ప్రేక్షకుఁడు నంగీకరించును. రెండవది తగిన కారణము లేక వచ్చినప్పుడు సహాయుఁడు క్షమించినను బ్రేక్షకుఁడు క్షమింపఁడు. బి. బి. సి. వారు 2010వ సంవత్సరము మొదలు 2017 వఱకుఁ బ్రసారము చేసిన 'షెర్లాకు' అను టెలివిజను రూపకమును శ్రద్ధతోఁ జూచినవారికిఁ గలుగు నసంతృప్తికి మూల మిదియే. ఆ యసంతృప్తి నిష్కారణమైనది కాదనియు, అది పాత్రస్వభావమునుండి కాక రూపకనిర్మాణమునందలి యొక లోపమునుండి పుట్టినదనియు నిందుఁ జూపఁబడును.

ఈ రూపకమును గల్పించినవారు స్టీవెన్ మోఫటు, మార్కు గేటిసు అనువారు. మూఁడేసి భాగముల చొప్పున 2010, 2012, 2014, 2017 సంవత్సరములలో నాలుగు శ్రేణులును, 2016 జనవరి 1వ తేదీని ఒక ప్రత్యేకభాగమును, వెరసి 13 భాగములు వెలువడినవి. ఒక్కొక్కటి యించుమించు గంటన్నర కాలము నడచును. ఆర్థరు కానన్ డాయిలు 1887 మొదలు 1927 వఱకుఁ బ్రకటించిన షెర్లాకు హోమ్సు కథలను నేఁటి లండను నగరమునకుఁ దెచ్చి వీరు నడపిరి. హోమ్సు పాత్రమును బెనెడిక్టు కంబర్‌బాచి, వాట్సను పాత్రమును మార్టిను ఫ్రీమను ధరించిరి. మూలమున నీ మిత్రు లిరువురును ఒకరినొకరు వంశనామములతోఁ బిలుచుకొందురు. రూపకమున షెర్లాకు, జాను అని సొంతపేళ్లతోఁ బిలుచుకొందురు. పిలుపునందలి దూరము తగ్గినది గాని నమ్మకమునందలి దూరము పెరిగినది. మూలకథలలోని పాత్రములకు హోమ్సు, వాట్సను అనియు, రూపకములోని పాత్రములకు షెర్లాకు, జాను అనియు నీ వ్యాసమున వ్యవహారము.

సహశబ్దముతోఁ గూడిన వాక్యమునందు అప్రధానమైన దానికిఁ దృతీయావిభక్తి వచ్చునని పాణిని విధించెను. 'తండ్రి కుమారునితోఁ గూడ వచ్చెను' అన్నప్పుడు వచ్చుట యిరువురికిని సమానమే. అయినను క్రియ తండ్రితో నన్వయించును. కుమారుని రాక దానివలన నూహింపఁబడును. 'తండ్రీకొడుకులు వచ్చిరి' అన్నచో ద్వంద్వమై యిరువురును బ్రధానులగుదురు. సహాయపాత్రము తృతీయలో నుండునది. దానిని బ్రథమకుఁ దెమ్మని యెవ్వరును గోరరు. కాని తృతీయలో నున్నవాఁడును ఆ క్రియలోఁ బాలుగలవాఁడై యుండవలయును. తండ్రి లోనికి వచ్చి కుమారుని వాకిటనే నిలిపి తలుపు వేసినచో, 'తోఁ గూడ' అనుమాట యసత్యమగును. అప్రధానుఁ డగుట యొకటి. క్రియకు వెలియైపోవుట మఱియొకటి. ఈ భేదము మనస్సునం దుంచుకొని మొదట మూలకథలను, పిదప రూపకమును బరిశీలింపవలసి యున్నది.

డాయిలు వ్రాసిన హోమ్సు కథలు 60. అందు నవలలు 4, చిన్నకథలు 56. ఈ యఱువదింటిలో నాలుగు తప్పఁ దక్కినవన్నియు వాట్సను చెప్పినట్లే రచింపఁబడినవి. ఇది పైకి సామాన్యవిషయముగఁ దోఁచును గాని యా మైత్రి నిలిచినది దీనిమీఁదనే. కథయందు వాట్సను అప్రధానుఁడు; కథనమందుఁ గర్త. నేరస్థుని బట్టువాఁడు హోమ్సు. హోమ్సును జదువరికిఁ బట్టి యిచ్చువాఁడు వాట్సను. ఆతఁడు మెచ్చినఁ గాని హోమ్సు మేధ లోకమునకుఁ దెలియదు. ఒకనిచేత నూహాశక్తి, మఱియొకనిచేత లేఖిని యుండఁగాఁ దక్కెడ యించుక సమముగ నిలిచినది. అంతేకాక వాట్సనున కన్ని సంగతులు ముందుగాఁ దెలియకుండుట యా కథ నడచుటకే యావశ్యకము. చెప్పువానికిఁ దెలిసిన ప్రతివిషయమును జదువరియు నడుగును. చెప్పువానికి రహస్యము మొదటనే తెలిసినచోఁ గడపటి యాశ్చర్యమునకుఁ దావుండదు. కావున వాట్సను నజ్ఞానము పాత్రమునకుఁ గలిగిన యవమానము కాదు. కథనమునకుఁ గావలసిన సాధనము.

ఆ కథలలో హోమ్సు వాట్సనును వంచింపలేదా యన్నచో, వంచించెను. 1901, 1902 సంవత్సరములలో వెలువడిన 'బాస్కర్విల్సు జాగిలము' అను నవలలో, తనకు లండనులోఁ బనియున్నదని చెప్పి, సర్ హెన్రీకిఁ దోడుగా వాట్సనును డార్టుమూరు ప్రాంతమునకుఁ బంపి, తాను రహస్యముగ నా బీడులోని రాతిగుడిసెలో నివసించెను. వాట్సను శ్రద్ధతో లండనుకు వ్రాసిన నివేదికలు మరలి యా గుడిసెకే చేరుచుండెను. ఆహారము తెచ్చియిచ్చు కార్టురైటు అను బాలునకుఁ దెలిసిన సంగతి వాట్సనునకుఁ దెలియదు. అది బయటపడిన దినమున వాట్సను, తనచేఁ బని చేయించుకొనుచుఁ దన్ను నమ్మనందులకు నొచ్చుకొనెను. ఇంతకంటెఁ బెద్దవంచన మఱియొకటి కలదు. 1893లో వెలువడిన కథయందు హోమ్సు రైకెన్‌బాకు జలపాతమునఁ బడి మరణించెనని వాట్సను నమ్మెను. 1903లో వెలువడిన 'శూన్యగృహము' అను కథయందు హోమ్సు ముసలి పుస్తకవిక్రేత వేషమున వచ్చి యెదుటఁ బడఁగా వాట్సను మూర్ఛిల్లెను. కథాకాలమున నడుమ మూఁడు సంవత్సరములు గడచినవి. అంతకాలము రహస్యమెఱిఁగి యుండిన మిత్రబంధువులలో హోమ్సు అన్నయగు మైక్రాఫ్టు తప్ప వేఱొకఁడు లేఁడు.

ఈ వంచన చిన్నది కాదు. అయినను జదువరి దానిని సహించుటకు మూఁడు కారణములు గలవు. మొదటిది: చదువరియు వాట్సనుతోపాటు మోసపోయినవాఁడే. జలపాతముకడ వాట్సనునకుఁ దెలిసినంతయే చదువరికిని దెలిసినది. ఒకే వంచనకు లోనైన యిరువురిలో నొకనిఁ జూచి యొకఁడు జాలిపడుట కవకాశము లేదు. ఇరువురును గలిసి సంతోషింతురు. రెండవది: ఋణము వెంటనే తీర్పఁబడినది. తిరిగివచ్చిన రాత్రియే హోమ్సు వాట్సనును వెంటఁబెట్టుకొని బేకరువీథికి నెదుటనున్న పాడింటికిఁ బోయెను. అచ్చట మోరాను అను హంతకుఁడు హోమ్సు గొంతుక పట్టుకొన్నప్పుడు రివాల్వరు పిడితో వాని తలపైఁ గొట్టినవాఁడు వాట్సను. మూఁడవది యన్నిటికంటె ముఖ్యమైనది: తనకు జరిగిన వంచనను దానే వ్రాసి, తన మూర్ఛను దానే చెప్పుకొని, మిత్రుని దానే మన్నించినవాఁడు వాట్సను. ఆ మన్నన యాతఁ డిచ్చినది. ఆతనినుండి యెవ్వరును దీసికొన్నది కాదు.

లేఖిని పోయినచో వాట్సను గతి యేమగునో డాయిలే చూపి యున్నాఁడు. 1921లో వెలువడిన 'మజరిను రత్నము' అను కథ రంగస్థలమునకు వ్రాసిన నాటికనుండి మార్పఁబడినది. దానిని వాట్సను చెప్పఁడు. అందు హోమ్సు వాట్సనుచేతికిఁ జీటి యిచ్చి పోలీసులను బిలుచుకొని వచ్చుటకై పంపివేయును. ముఖ్యమైన ఘట్టమంతయు వాట్సను లేనప్పుడు జరుగును. 1926లో హోమ్సు తానే చెప్పిన కథ యొకటి కలదు. అందుఁ దనకు వాట్సను లేని లోటు తెలిసివచ్చినదనియు, ఆతని ప్రశ్నలును నాశ్చర్యమును దన పని నెట్లు పెద్దదిగఁ జేసి చూపునో యిప్పు డర్థమైనదనియు హోమ్సు ఒప్పుకొనును. కథనకర్తృత్వమును దీసివేసి వాట్సనును నిలుపఁదలఁచిన రచయిత యా స్థానమున నాతనికి వేఱొకటి యొసఁగవలయునని యీ రెండు కథలును దెలుపుచున్నవి.

టెలివిజను రూపకమునఁ గథ చెప్పునది కెమెరా. జాను బ్లాగు వ్రాయుచున్నట్లు రూపకమునఁ జెప్పఁబడినది. ఆ బ్లాగువలన షెర్లాకునకుఁ గీర్తి వచ్చినట్లును జూపఁబడినది. కాని ప్రేక్షకుఁడు కథను జూచునది యా బ్లాగుద్వారా కాదు. జాను లేనిచోటును గెమెరా ప్రవేశించును. జానునకుఁ దెలియని సంగతిని బ్రేక్షకునకుఁ జూపును. లేఖిని జానుచేతినుండి పోయినది. అజ్ఞానము మాత్ర మాతనికి మిగిలినది. మూలమునఁ గథనమునకై పుట్టిన యజ్ఞానము, ఆ ప్రయోజనము నశించిన పిదపఁ గేవలము షెర్లాకు చేయు నపకారముగ మాఱినది. ఈ మార్పును రచయితలు మొదట గుర్తించినట్లే కనఁబడును. అందుచేతనే తొలి శ్రేణి యంత హృద్యముగ నున్నది.

2010 జూలై 25వ తేదీని ప్రసారమైన మొదటి భాగమున, మైక్రాఫ్టు జానును రప్పించి, షెర్లాకుమీఁద నిఘా వేసి సంగతులు తెలిపినచోఁ దన మిచ్చెదనని చెప్పును. పరిచయమై యొకదినమే యైనవానిని గూర్చి యైనను జాను అందుల కొప్పుకొనఁడు. ఆ భాగము చివర షెర్లాకు విషపుగుళిక మ్రింగఁబోవుచుండ నెదుటి భవనమునుండి తుపాకి పేల్చి యాతనిని గాపాడినవాఁడు జాను. కాల్చినవాఁ డెట్టివాఁడో పోలీసులకు వర్ణించుచున్న షెర్లాకు, ఆ లక్షణములన్నియు దూరమున నిలిచియున్న జానునకుఁ జెల్లుచుండుట గమనించి, చెప్పినదంతయు మఱచిపొమ్మని పోలీసు నుద్యోగి నొప్పించును. ఒకఁడు ప్రాణము నిలిపెను. ఒకఁడు రహస్యము నిలిపెను. లాక్షణికులు నాయకుని సహాయులలోఁ బీఠమర్దుఁ డనువానిని నాయకునికంటె గుణముల నించుక తక్కువవాఁడని వర్ణించిరి. రామునకు సుగ్రీవుని నుదాహరించిరి. తక్కువ యన్నను 'ఇంచుక' యన్నమాట విస్మరింపఁదగినది కాదు. మొదటిభాగములోని జాను అట్టి పీఠమర్దుఁడు.

ఆ శ్రేణి కడపటి భాగమున షెర్లాకు తొలిసారి జానునకుఁ జెప్పక మోరియార్టిని గలిసికొనుటకై యీతకొలనున్న భవనమునకుఁ బోవును. అచ్చట నాతని కెదురుగ వచ్చినవాఁడు, దేహమునకుఁ బ్రేలుడుపదార్థములు కట్టఁబడిన జాను. అంతవఱకును జలింపని షెర్లాకు ముఖ మప్పుడు చలించును. దాఁచిన ఫలము దాఁచినవానికిఁ దక్షణమే తాఁకినది. ఈ ఘట్టమును జూచి ప్రేక్షకుఁడు విసువఁడు, భయపడును. వంచన కథలో నుండుట దోషము కాదనుట కిదియే ప్రమాణము.

దోషము 2012వ సంవత్సరపు శ్రేణిలో మొదలైనది. జాగిలపు కథ కనుసరణమైన భాగమున, మనుష్యులకు భీతిని గల్పించు మందు చక్కెరలో నున్నదని షెర్లాకు ఊహించి, యా చక్కెర కలిపిన కాఫీని జానుచేతఁ ద్రావించి, ప్రయోగశాలలో నాతనిని బంధించి, జాగిలపు గుఱ్ఱును వినిపించి యాతని భయమును బరీక్షించును. మందు చక్కెరలోఁ గాక పొగమంచులో నున్నట్లు తరువాతఁ దేలును. మూలకథలో వాట్సను, తెలియకయైనను, హోమ్సునకు గన్నుగాఁ బనిచేసెను. ఆతని నివేదికలు పరిశోధనకు నుపకరించెను. ఇచ్చట జాను పరిశోధకుఁడు కాఁడు, పరిశోధనవస్తువు. కర్తతోఁ గూడినవాఁడు కర్మమైనాఁడు. జాను కొంచెము కోపించును, షెర్లాకు దానిని దాఁటవేయును, కథ ముందునకు సాఁగును.

తరువాతి వారము, అనఁగా 2012 జనవరి 15వ తేదీని, షెర్లాకు సెయింటు బార్తొలోమ్యూ ఆసుపత్రి పైకప్పునుండి జాను చూచుచుండఁగా దూఁకును. దూఁకుటకు ముందు ఫోనులో మాటలాడి, తాను మోసగాఁడ నని చెప్పి, ఉన్నచోటనే నిలువుమని జానును గోరును. సమాధికడ జాను మిత్రుఁడు బ్రదికి రావలయునని ప్రార్థించును. ఇంతవఱకు ఘట్ట ముత్తమముగ నడచినది. కాని కడపటి దృశ్యమున కెమెరా తిరిగి, దూరమున నిలిచి జానును జూచుచున్న షెర్లాకును బ్రేక్షకునకుఁ జూపును. రూపకమున కీ యొక్క దృశ్యమువలనఁ గలిగిన హాని చాలఁ గొప్పది. 1893లో చదువరి వాట్సనుతోఁ గూడ దుఃఖించెను. 2012లోఁ బ్రేక్షకుఁడు షెర్లాకు ప్రక్కన నిలిచి జాను దుఃఖమును జూచెను. తరువాతి శ్రేణి వచ్చుట కించుమించు రెండు సంవత్సరములు పట్టెను. అంతకాలము ప్రేక్షకునకుఁ దెలిసిన రహస్యము జానునకుఁ దెలియదు. ఇట్లు ప్రేక్షకుఁడు తన యిష్టము లేకయే వంచనలో భాగస్వామి యయ్యెను. ఆతని విసువులో నొక పాలు షెర్లాకుమీఁదిది. ఒక పాలు తన్నట్టి స్థానమున నిలిపిన రచయితలమీఁదిది.

2014 జనవరి 1వ తేదీని వెలువడిన భాగమున షెర్లాకు తిరిగి వచ్చును. జాను ఒక భోజనశాలలో మేరీని వివాహమునకై యడుగఁబోవుచున్న వేళ, షెర్లాకు వడ్డించువాని వేషముతోఁ బరిహాసముగఁ బ్రత్యక్షమగును. డాయిలు వాట్సను మూర్ఛిల్లినచోట నీ జాను కోపించి మీఁదఁబడి కొట్టును. ఇది మూలముకంటె మేలైన కల్పన. వంచన కథనసాధనము కాక యపకారమైనప్పుడు దానికిఁ దగిన ప్రతిక్రియ కోపమేకాని మూర్ఛ కాదు. జాను అడుగు ప్రశ్నయు సరియైనదే: చావును నటించిన విధ మెట్టిదని కాక, నటించుటకుఁ గారణ మేమని యాతఁ డడుగును. కాని రూపక మా ప్రశ్నకు సూటిగ బదులు చెప్పదు. ఎట్లు దూఁకెనను దానికి మాత్రము పలువిధములైన సమాధానములఁ గల్పించి వినోదించును. కోపమును హాస్యముగ మార్చి, ఒక భోజనశాలనుండి మఱియొకదానికి వారిని గెంటించును. ఆ పిమ్మట రహస్య మెఱిఁగినవారి పేళ్లు క్రమముగ బయటపడును: మైక్రాఫ్టు, ఆసుపత్రిలోని మాలీ హూపరు, వీథులలోని నిరాశ్రయులు కొందఱు, తుదకు షెర్లాకు తల్లిదండ్రులు. మూలమున నొక్క యన్నకే తెలిసిన రహస్య మిచ్చట నింతమందికిఁ దెలిసినది. ఎఱిఁగినవారి సంఖ్య పెరిగినకొలఁది యెఱుఁగనివాని యవమానము పెరుగును.

క్షమాఘట్టము మఱింత విచారింపఁదగినది. పార్లమెంటు భవనము క్రింద సొరంగమున నిలిచిన రైలుపెట్టెలో బాంబు పేలఁబోవుచున్నదనియు, దాని నాఁపుట తన చేతఁ గాదనియు షెర్లాకు నమ్మించును. మరణ మాసన్నమైనదని తలఁచి జాను మనస్ఫూర్తిగ నాతనిని క్షమించును. అప్పుడు షెర్లాకు నవ్వును. బాంబు నాఁపు మీట యొకటి కలదనియు, దానిని దా నంతకుముందే నొక్కితిననియుఁ దెలియును. మొదటివంచనకు క్షమాపణ రెండవవంచనచేత సంపాదింపఁబడినది! వాట్సను దానము చేసినదానిని జానునుండి యపహరించినారు. నవ్వుచున్న షెర్లాకుతోఁ బ్రేక్షకుఁడును నవ్వవలయునని రచయితల యుద్దేశము. కాని జానుపట్ల గౌరవము గల ప్రేక్షకుని నవ్వు సగములో నాఁగిపోవును.

ఇందులకు సమాధానముగ, జాను దుఃఖము నిజమైనదిగాఁ గనఁబడకున్నచో శత్రువులు నమ్మియుండరని చెప్పవచ్చును. షెర్లాకు దూఁకనిచో జానును, హడ్సను గృహిణిని, లెస్ట్రేడును గాల్చివేయుటకు హంతకులు పొంచియుండిరి. ఈ సమాధానము ఆ దినమునకుఁ జెల్లును. ఆ తరువాతి రెండు సంవత్సరములకుఁ జెల్లదు. తల్లిదండ్రులు దాఁచఁగలిగిన రహస్యమును, ఆఫ్‌గనిస్థాన యుద్ధమునఁ బనిచేసిన సైనికవైద్యుఁడు దాఁచలేఁడని యే హేతువుచేత నమ్మవలయును? హోమ్సు చెప్పిన హేతువు, వాట్సను ప్రేమాధిక్యముచేత నెచ్చటనైన నోరు జాఱునేమో యనునది. షెర్లాకును నట్టిమాటయే చెప్పును. మొదటి భాగమున మైక్రాఫ్టు ధనమునకు లొంగని జానునుగూర్చి యా మాట నమ్మఁదగినది కాదు. రచయితలు తాము కల్పించిన గుణమును దామే మఱచిరి.

సహాయునియొద్ద రహస్యము దాఁచుట సంస్కృతరూపకములలోను గలదు. శాకుంతలము ద్వితీయాంకము చివర దుష్యంతుఁడు మాధవ్యుని రాజధానికిఁ బంపుచు, చపలుఁడగు నా బ్రాహ్మణుఁ డంతఃపురమునఁ దన ప్రణయమును వెల్లడించునేమో యని శంకించి, శకుంతలనుగూర్చి తాఁ జెప్పినదంతయుఁ బరిహాసమని నమ్మించును. ఇది స్పష్టమైన యవిశ్వాసమే. కాని కాళిదాసు దానిని మఱవలేదు. షష్ఠాంకమున, శకుంతలను నిరాకరించి పశ్చాత్తాపముతోఁ గుందుచున్న రాజు, నీవును నావలెనే మఱచితివా యని మాధవ్యు నడుగఁగా, తాను మఱవలేదనియు, పరిహాసమన్న రాజు మాటనే నమ్మితిననియు నాతఁడు బదులు చెప్పును. శాపముచే రాజునకు స్మృతి పోయినప్పుడు నిజమును జెప్పఁగలిగియుండిన మిత్రుని నోటిని రాజే ముందుగ మూసివేసికొనెను. వంచింపఁబడిన మాధవ్యునికి నష్టము లేదు. వంచించిన రాజునకే నష్టము. చిన్నయసత్యమునకుఁ బెద్దమూల్యము చెల్లింపఁబడినది.

ముద్రారాక్షసము మఱియొక మార్గమును జూపును. అది యాదిమధ్యాంతములు కుట్రలతో, గూఢచారులతో, దొంగముద్రలతో నిండిన నాటకము. నేఁటి యపరాధపరిశోధనరూపకములకుఁ జాల దగ్గఱిది. తృతీయాంకమునఁ గౌముదీమహోత్సవమును నిషేధించిన కారణమునఁ జాణక్యచంద్రగుప్తులకు ఘోరమైన కలహము కలుగును. ఆ కలహము రాక్షసుని వంచించుటకై కల్పింపఁబడినది. అయితే చంద్రగుప్తునకు నది కల్పితమని ముందే తెలియును. గురువు తన్నట్లు నటింపుమని యాజ్ఞాపించెనని యంకాదియందే యాతఁడు తలపోయును. చాణక్యుని బుద్ధి ముందుఁ జంద్రగుప్తుఁడు బాలుఁడు. వారి మైత్రి హోమ్సు వాట్సనుల మైత్రికంటె విషమమైనది. అయినను జాణక్యుఁడు శిష్యుని నమ్మెను. ఆ నమ్మకమువలన రసము తగ్గలేదు, హెచ్చినది. నటన యని తెలిసియు, కలహము ముదిరినప్పుడు గురువు నిజముగనే కోపించెనా యని చంద్రగుప్తుఁడు శంకించును. ఆజ్ఞచేతనే యైనను గురువు నతిక్రమించినందులకు సిగ్గుతోఁ గుంగిపోవును. రహస్యము తెలిసిన సహాయుని హృదయములోఁ గూడ నింతటి సంక్షోభమును జూపవచ్చునని విశాఖదత్తుఁడు నిరూపించెను. సహాయుఁ డెఱుఁగనిదే దృశ్యము రక్తికట్టదనువారి కిది తగిన యుత్తరము.

2017 జనవరి 8వ తేదీని ప్రసారమైన భాగము ఈ విషయమున రూపకము చేరిన తుదిమెట్టు. దానికి మూలము 1913లో వెలువడిన, హోమ్సు మరణావస్థను నటించు కథ. ఆ కథలో హోమ్సు, వ్యాధి నటన యని వాట్సనునకుఁ జెప్పఁడు. ఆతని వైద్యమును గూడ నిందించును. అయినను దన మంచము తలాపున వాట్సనును దాఁచి, నేరస్థుఁడు నేరము నొప్పుకొనుచుండఁగా వినునట్లు చేయును. న్యాయస్థానమున నిలువవలసిన సాక్ష్యము వాట్సనుది. దగ్గఱకు రాకుము, నీవు వైద్యుఁడవు, కనిపెట్టెదవు, అన్న భయములోఁ గూడ నాతని శాస్త్రమునందు హోమ్సునకు గౌరవము గలదు. రూపకమున నా స్థానమున నొక ధ్వనిముద్రకయంత్రము వచ్చినది. నేరస్థుఁడు గదిలోని మూఁడు యంత్రములను గనిపెట్టి తీసివేయును. నాలుగవది జాను ఆసుపత్రిగదిలో విడిచిపోయిన పాఁత చేతికఱ్ఱలో నుండును. మూలమున సాక్షి వాట్సను. రూపకమున సాక్షి వాని కఱ్ఱ. జాను సమయమునకు వచ్చి షెర్లాకును గాపాడుట నిజమే. కాని యా రాకయు మరణించిన మేరీ షెర్లాకునకు విడిచిపోయిన సందేశము ననుసరించి ముందుగ లెక్కింపఁబడినది. అంతకుముందు శవశాలలో షెర్లాకును గొట్టునప్పు డాతఁడు తా నే పన్నుగడలో నున్నాఁడో యెఱుఁగఁడు.

రూపకమునందలి మంచిని మఱచుట న్యాయము కాదు. ఇరువురు నటులును బాత్రములకుఁ బ్రాణము పోసిరి. సమాధికడ జాను పలుకులలో నటుఁడు దాఁచిన దుఃఖము మాటలకంటె నెక్కువ చెప్పును. 2014లోని రెండవ భాగమున, వివాహసభలోఁ బ్రసంగించు షెర్లాకు, తాను చిక్కు విప్పఁజూచుచున్న వేళ గాయపడిన సైనికుని ప్రాణమును నిలిపినవాఁడు జాను అని బహిరంగముగ నొప్పుకొనును. అట్టి దృశ్యములుండుటచేతనే తక్కినచోట్ల లోప మంత స్ఫుటముగఁ గనఁబడుచున్నది. మొదటినుండియు జాను వట్టి తోడుమనిషిగనే కల్పింపఁబడియుండినచో నెవ్వరికిని బాధ యుండదు. మొదటిభాగమున నట్టి విశ్వాసమును జూపి, పిమ్మట దానిని నిలుపుకొనకపోవుటయే బాధ.

కాఁబట్టి వైషమ్యము తగ్గింపవలసిన పని లేదు. షెర్లాకు మేధావిగనే యుండవచ్చును. జాను అడుగువాఁడుగనే యుండవచ్చును. వాట్సను చేతి లేఖినిని దీసికొన్న రచయిత మాత్రము ప్రతిగా నాతనికి రెంటిలో నొకటి యీయవలయును: చంద్రగుప్తునకువలె రహస్యములోఁ బాలు, లేక మాధవ్యునిపట్లవలె వంచనకు వంచకుఁడు చెల్లించు మూల్యము. ఈతకొలను దృశ్యమున నీ రచయితలు రెండవదానిని జేసి చూపినవారే. వారి కది తెలియక కాదు. చమత్కారముమీఁది మక్కువచేత దానిని విడిచిరి. మూలకథలను మఱల రూపకముగ మార్పఁదలఁచు రచయితలు వాట్సను బుద్ధిని బెంచుటకో, ఆతనిచేతికిఁ దుపాకి యిచ్చుటకో మాత్రమే ప్రయత్నింపక, ఆతఁ డే సంగతి నెప్పు డెఱుఁగవలయునో, ఎఱుఁగనిచో దానికి నెవ్వరు చెల్లింపవలయునో ముందుగ నిర్ణయించుకొనుట మేలు. అప్పుడు జాను తృతీయలోనే యుండియు వాక్యములోఁ జోటుగలవాఁ డగును.